పాల పుస్తకంలో 13 వేల వరుసలున్నా జవాబు ఎందుకు కనిపించడం లేదు?

మీ ప్రశ్నని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పయితే సరిచేయండి. చీపురుపల్లి దగ్గర ఊళ్ళో మీ అమ్మగారు పాల కేంద్రం నడుపుతున్నారు. 18 ఇళ్ళవాళ్ళు రెండు పూటలా పాలు పోస్తారు. ఏడాది పుస్తకాలన్నీ మీరూ మీ చెల్లీ కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కిస్తే 13 వేల పైచిలుకు వరుసలు వచ్చాయి. నెలకు నాలుగైదు వేలు ఎక్కడో పోతున్నాయని అమ్మగారి అనుమానం. "డేటాని క్రమంలో పెడితే సమాచారం అవుతుందని కాలేజీలో చెప్పారు. తేదీల క్రమంలో పెట్టాను. నాకేమీ కనిపించడం లేదు. ఇంకేం చెయ్యాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఏదో ఒక క్రమంలో పెడితే చాలదు. మీరు అడిగే ప్రశ్నకు తగ్గ క్రమం కావాలి. తేదీల వరుస పుస్తకం రాసేవాళ్ళకు వీలు. పూట పూటకీ కింద రాసుకుంటూ పోవడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ "డబ్బు ఎక్కడ పోతోంది" అని అడిగితే ఆ వరుస జవాబు చెప్పదు. దానికి రెండు లెక్కలు పక్కపక్కన పెట్టాలి: ఊళ్ళో పోయించుకున్నది ఎంత, డెయిరీకి చేరింది ఎంత. మీరు ఎక్కించింది మొదటిదొక్కటే. రెండోది, అంటే డెయిరీవాళ్ళు ఇచ్చే చీటీలు, ఏ తీగకో గుచ్చి గోడకి వేలాడుతూ ఉంటాయి. వాటిని దింపకుండా ఈ 13 వేల వరుసలు ఎన్నిసార్లు తిరగేసినా ఏమీ తేలదు.

నా గురించి రెండు మాటలు. గణాంక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి విజయనగరంలో రిటైరయ్యాను. పంట కోత ప్రయోగాలు, వానల లెక్కలు, సాగు విస్తీర్ణం, సంతల్లో ధరలు, ఇవే నా పని. పాల వ్యాపారం నాది కాదు, కానీ మా ఇంట్లో రెండు గేదెలు ఉండేవి, కేంద్రంలో పాలు పోసిన చేతులే ఇవి.

ముందు మీ పాల సంగతే చూద్దాం. మూడు చోట్ల వెతకమంటాను.

మొదటిది, కొలత. మీ పుస్తకంలో పాలు లీటర్లలో ఉన్నాయి. మరి డెయిరీ చీటీలో? చాలాచోట్ల అక్కడ కాటా మీద తూస్తారు, అంటే కేజీలు. ఒక లీటరు పాలు సుమారు 1.03 కేజీలు తూగుతాయి. పుస్తకంలో పొద్దుటి పూట 62 అని ఉంది, చీటీలో కూడా 62 అని ఉంది అనుకోండి. చూసినవాళ్ళెవరైనా సరిపోయిందనే అంటారు. కానీ 62 లీటర్ల పాలు దాదాపు 63.9 కేజీలు తూగాలి. చీటీలో ఉన్నది 62 కేజీలైతే అక్కడికి చేరినవి 60.2 లీటర్లే. పూటకి 1.8 లీటర్లు తక్కువ. రెండు పూటలకి 3.6, నెలకి 108 లీటర్లు. లీటరు 50 రూపాయలు వేసుకున్నా 5,400. మీ అమ్మగారి నాలుగైదు వేల అనుమానానికి ఇది చాలా దగ్గర్లో ఉంది, అందుకే దీన్ని ముందు పెట్టాను.

ఆ 1.8 లీటర్లు ఎవరో తాగేశారని కాదు. అప్పుడే పితికిన పాలు లీటరు కొలతలో పోసినప్పుడు పైన నురుగు ఎంత ఉంటుందో మీకు తెలుసు. నురుగు దిగకముందే కొలిస్తే లీటరు లీటరు కాదు. పోసేవాళ్ళకు తొందర, పోయించుకునే అమ్మగారికి మొహమాటం. పద్దెనిమిది ఇళ్ళ నురుగు కలిస్తే పూటకి లీటరున్నర పోవడం వింతేమీ కాదు. ఒక వారం పాటు కొలతతో పాటు కాటా మీద కూడా తూసి రెండూ రాయించండి, తెలిసిపోతుంది. ఒకవేళ డెయిరీ రేటు కూడా కేజీకే కట్టి ఉంటే లెక్క కొంత మారుతుంది. రేటు చార్టు పైన ఏముందో చూడండి.

రెండోది, సగటు. దీనితోనే డెయిరీలకీ కేంద్రాలకీ సగం తగువులు వస్తాయని నా అనుమానం. ఒకరు 10 లీటర్లు పోశారు, ఫ్యాట్ (వెన్న శాతం) 5. ఇంకొకరు 2 లీటర్లు పోశారు, ఫ్యాట్ 8. రెండూ క్యానులో కలిపితే ఫ్యాట్ ఎంత? ఐదూ ఎనిమిదీ కూడి రెండుతో భాగించి ఆరున్నర అంటారు చాలామంది. డెయిరీలో పరీక్ష చేస్తే ఐదున్నర వస్తుంది. "చూశావా, ఒక పాయింటు కొట్టేశారు" అని గొడవ. ఎవరూ కొట్టెయ్యలేదు. పదిని ఐదుతో గుణిస్తే 50, రెండుని ఎనిమిదితో గుణిస్తే 16, మొత్తం 66. దాన్ని 12 లీటర్లతో భాగిస్తే 5.5. క్యానులో ఎక్కువ పాలు ఎవరివైతే వాళ్ళ ఫ్యాటే ఎక్కువ లాగుతుంది. కాబట్టి మీ ఎక్సెల్‌లో ఫ్యాట్ గడులన్నీ కలిపి సగటు తీయకండి. ప్రతి వరుసలో లీటర్లని ఫ్యాట్‌తో గుణించి ఒక కొత్త గడి పెట్టండి, పూటవారీగా ఆ గడులు కూడండి, ఆ పూట మొత్తం లీటర్లతో భాగించండి. చీటీతో పోల్చాల్సింది ఆ అంకెనే.

మూడోది పూటలు. ఉదయం పాలు, సాయంత్రం పాలు ఒకే కుప్పలో వెయ్యకండి. పొద్దున్నించి సాయంత్రానికి ఉన్న వ్యవధి రాత్రి వ్యవధి కంటే తక్కువ. అందుకే సాయంత్రం పాలు తగ్గుతాయి, ఫ్యాట్ కాస్త పెరుగుతుంది. ఒక ఇంటి సాయంత్రాన్ని ఇంకో ఇంటి ఉదయంతో పోల్చి ఎవర్నీ ఏమీ అనకూడదు.

ఇప్పుడు మీ కాలేజీ వాక్యం దగ్గరికి వస్తాను, ఎందుకంటే అది తప్పు కాదు, సగమే చెప్పింది.

పంట కోత ప్రయోగం ఎప్పుడైనా చూశారా? దిగుబడి అంచనా కోసం ఊళ్ళో కొన్ని సర్వే నంబర్లు లాటరీ తీసినట్టు ఎంపిక చేస్తారు. ఆ చేను నైరుతి మూలన నిలబడి, ముందే ఇచ్చిన యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు వేసి ఒక చోట మేకు కొడతాం. అక్కణ్ణించి 5 మీటర్లు, 5 మీటర్లు తాడు కట్టి ఆ చదరంలో ఉన్న వరి మాత్రమే కోయిస్తాం. కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూస్తాం. గజపతినగరం వైపు ఒక రైతు నా వెనకే గట్టు మీద నడుస్తూ, "ఏటి బాబూ, పోయిపోయి ఈ పల్లపు మూల పట్టుకున్నావు? అటు సూడు, సేను ఎంత బాగుందో!" అన్నాడు. బీమా కోసం నష్టం చూపించాల్సిన ఏడాదిలోనైతే ఇదే మాట తిరగబడుతుంది, బాగా పోయిన మడి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. తప్పు పట్టను, ఎవరి బాధ వాళ్ళది. అందుకే అడుగుల లెక్క మన ఇష్టానికి వదల్లేదు.

ఆ రోజు తూకం 12.350 వచ్చింది. ఈ అంకె ఒక్కటే కాగితం మీద ఉంటే ఏం అర్థమవుతుంది? పన్నెండు కేజీల చిల్లర. దేనికి? 25 చదరపు మీటర్లకి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి దాన్ని దాదాపు 162తో గుణిస్తే ఎకరానికి రెండు టన్నులు. 75 కేజీల బస్తాలైతే ఇరవై ఆరున్నర. బాగుంది అనుకుంటాం కదా. కానీ ఆ ధాన్యం అప్పుడే కోసింది, తేమ 22 శాతం ఉంది. 14 శాతానికి ఆరితే అదే గింజ 11.2 కేజీలే తూగుతుంది. అప్పుడు ఎకరానికి ఇరవై నాలుగు బస్తాలు. పచ్చిదా, ఆరిందా అన్న ఒక్క మాట రాయకపోతే ఎకరానికి రెండున్నర బస్తాలు కాగితం మీదే పుట్టుకొస్తాయి. ఆపైన ఆ వరి స్వర్ణా, 1010 రకమా, రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలా? కాలువ కింద చేనా, వాన నీటిదా? ఇవన్నీ పక్కన ఉంటేనే 12.350 ఎవరికైనా పనికొస్తుంది. అంకెకి చుట్టాలుండాలి అనేవాణ్ణి కొత్తగా చేరిన కుర్రాళ్ళతో. చుట్టాలు లేని అంకెని ఎవరైనా ఎటైనా తీసుకుపోతారు.

అయిదు మీటర్లే ఎందుకు, ఒక మీటరు చాలదా అని అప్పట్లో నాకూ అనిపించేది. దీని మీద 1940ల్లో గణాంక శాస్త్రంలో పెద్దవాళ్ళే వాదించుకున్నారు. మహలనోబిస్ బెంగాల్లో చిన్న చిన్న వృత్తాలు కోయించేవారు, సుఖాత్మే పెద్ద చదరాలే కావాలన్నారు. కారణం గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. తాడు మీద పడ్డ దుబ్బు లోపలిదా, బయటిదా? కోసేవాడి కొడవలి దాన్ని లోపలికే లాగుతుంది. నాలుగు వైపులా అయిదేసి సెంటీమీటర్లు ఎక్కువ కోశాడనుకోండి. అయిదు మీటర్ల చదరంలో తప్పు నాలుగు శాతం. అదే తప్పు ఒక మీటరు చదరంలో ఇరవై ఒక్క శాతం. మనిషి చెయ్యి ఎటు వంగుతుందో ముందే తెలుసుకుని కొలత పెట్టారు. మీ కేంద్రంలో ఆ తాడు మీది దుబ్బు ఏదీ అంటే, నురుగే.

ఇక మీ ఎక్సెల్ శుభ్రం చేసే పని. ఇది విసుగు పని, కానీ తప్పదు. నా అనుభవంలో పదింట ఏడు వంతుల కాలం దీనికే పోతుంది.

పేర్ల బదులు నంబర్లు వాడండి. మన వైపు ఊళ్ళో నలుగురు అప్పలరాజులు, ముగ్గురు పైడితల్లులు లేకపోతే అది ఊరే కాదు. పైగా పొద్దున అమ్మగారు "అప్పలనర్సమ్మ" అని రాస్తారు, సాయంత్రం చెల్లి "అప్పల నరసమ్మ" అని రాస్తుంది. మీకు అది ఒక మనిషి, ఎక్సెల్‌కి ఇద్దరు. 18 ఇళ్ళకి 1 నుంచి 18 దాకా నంబర్లు ఇచ్చేసి, పేర్లు వేరే షీటులో ఒక్కసారే రాసుకోండి. పివట్ టేబుల్ (పేరువారీగా మొత్తాలు కట్టే పట్టిక) వేసినప్పుడు 18కి బదులు 31 పేర్లు వస్తే ఎక్కడ తప్పో మీకే తెలుస్తుంది.

ఖాళీ వేరు, సున్నా వేరు. ఇది నా సొంత తలవంపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మండలాల వానల పట్టిక చేస్తూ ఒక మండలంలో తొమ్మిది రోజులు వరసగా ఖాళీ గడులు చూసి, సున్నాలు వేసేశాను. పట్టిక అందంగా నిండింది. ఆ మండలం ఎండిపోతోందని నోట్ రాశాను. పై అధికారి ఫోన్ చేసి అడిగితే తేలిందేమిటంటే, వాన కొలిచే మనిషి తొమ్మిది రోజులు ఊళ్ళో లేడు. వాన మాత్రం శుభ్రంగా పడింది, చెరువు నిండింది కూడా. కొలవలేదు అన్నదాన్ని నేను కురవలేదు అని మార్చేశాను. మీ దగ్గర కూడా అంతే: పాలు పోయలేదా, పోశారు కానీ రాయలేదా? గేదె ఒట్టిపోయిందా? మొదటిదానికి సున్నా వేయండి, రెండోదాన్ని ఖాళీగానే వదలండి. మూడోదానికి పక్కన ఒక గమనిక గడి పెట్టి ఒక మాట రాయండి.

ఆ గమనిక గడి చిన్నదే కానీ వదలొద్దు. సంక్రాంతి నాలుగు రోజులూ, పైడితల్లి అమ్మవారి సిరిమాను మంగళవారం నాడూ పాలు పడిపోతాయి. ఇంటికి చుట్టాలొస్తారు, అరిసెలకీ పరమాన్నానికీ పాలు ఇంట్లోనే ఉంచుకుంటారు. ఏడాది తర్వాత ఆ గీత చూసినవాడు ఏదో జబ్బొచ్చిందనుకుంటాడు. "పండగ" అని రెండక్షరాలు... సరే, మూడక్షరాలు రాసి ఉంటే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. మధ్యమధ్యలో మొత్తాల వరుసలు ఉంటే తీసేయండి, లేకపోతే ఆ మొత్తాలు కూడా పాలలాగే మళ్ళీ కూడికలోకి వస్తాయి. పైన ఉన్నదే మళ్ళీ అని అమ్మగారు కామాల్లా గీసిన డిట్టో గుర్తులుంటే ప్రతి గడిలోనూ అసలు అంకె నింపండి. ఇదంతా చేసేముందు, ఎక్కించిన ఫైలుని అలాగే ఇంకో పేరుతో దాచి దాని జోలికి పోకండి. పాత పుస్తకాలు కూడా అమ్మేయొద్దు.

వానల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే కుప్ప పోసేటప్పుడు ఏం పోతుందో మీకూ తెలియాలి. వానని మిల్లీమీటర్లలో రాస్తాం, ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. ఒక మండలంలో ఆగస్టు నెలకి 180 మిల్లీమీటర్లు పడిందని రాస్తే పర్వాలేదనిపిస్తుంది. మెట్ట మీద మొక్కజొన్న వేసిన రైతు మాత్రం తల పట్టుకుని కూర్చున్నాడు. రోజువారీ గడులు తెరిస్తే మూడు రోజుల్లో 170 పడింది, తర్వాత ఇరవై రోజులు చుక్క లేదు. నెల మొత్తం చెరువుల గురించి చెప్తుంది, మొక్కల గురించి చెప్పదు. మొక్కల గురించి తెలియాలంటే వాన రోజులు లెక్కపెట్టాలి. రెండున్నర మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాతావరణ శాఖ లెక్కలో అది వాన రోజు. రెండు వాన రోజుల మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందో చూడాలి. అవే గడులు, అవే అంకెలు. చెరువు కోసం ఒకలా మడతపెట్టాం, మొక్క కోసం ఇంకోలా మడతపెట్టాం. అందుకే రోజువారీ అంకెలు పారేసి నెల మొత్తాలే ఉంచుకునే ఆఫీసులంటే నాకు ఒళ్ళుమంట. మొత్తం ఎప్పుడైనా కట్టుకోవచ్చు, మొత్తం నుంచి రోజులు మాత్రం వెనక్కి రావు.

ఆమధ్య ఒక పీజీ చదివే అమ్మాయి గ్రాఫు పట్టుకొచ్చింది. విజయనగరం జిల్లాలో సాగు 2022 తర్వాత దబ్బున కూలిపోయింది, కారణం ఏమై ఉంటుంది అని. వానలు, వలసలు, రైతులకు కూలీలు దొరక్కపోవడం, పాపం నాలుగు పేజీల కారణాలు రాసింది. కూలింది పంట కాదు, జిల్లా గీత. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చారు. విజయనగరం 34 మండలాల నుంచి 27కి వచ్చింది, శ్రీకాకుళం 38 నుంచి 30కి. పార్వతీపురం మన్యం 15 మండలాలతో కొత్తగా వచ్చింది. పైగా అన్నీ వెళ్ళినవే కాదు, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పేరు అదే, లోపలున్నది వేరు. ఆ అమ్మాయిని మండలాల వారీ పట్టికలు తీసుకుని, ఇప్పటి 27 మండలాలనే పాత ఏళ్ళలో కూడా కూడమన్నాను. కూడింది. గీత మామూలుగా వచ్చింది. నాలుగు పేజీల కారణాలు ఏం చేసిందో నేనడగలేదు.

మీ దగ్గర ఇలాంటిది ఉండదనుకోకండి. ఏడాది మధ్యలో ఒక ఇల్లు మానేసి ఇంకోటి చేరి ఉంటుంది. 7వ నంబరు వాళ్ళు మానేస్తే ఆ నంబరు కొత్తవాళ్ళకి ఇవ్వకండి. కొత్తవాళ్ళకి 19 ఇవ్వండి.

ఉద్దానం మాట కూడా ఒకటి. మీరు అడగలేదు కానీ, వరుస మార్చితే ఏమవుతుందో దీనికంటే బాగా చెప్పేది నాకు తట్టలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుల కోసం ఊరూరా రక్త పరీక్షలు చేస్తుంటారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అంకె ఒకటి వస్తుంది. ఎండలో పని చేసి, నీళ్ళు సరిగ్గా తాగకుండా వచ్చిన మనిషికి ఆ పూట అంకె ఎక్కువ రావచ్చు. మూడు నెలలు దాటినా తేడా అలాగే ఉంటేనే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. శిబిరాల వారీగా, తేదీల వారీగా కట్టలు కట్టి పెడితే, ఒకే మనిషి రెండు అంకెలు రెండు కట్టల్లో ఉండి ఒకదానికొకటి ఎదురుపడవు. మనిషి వారీగా పెడితే పక్కపక్కన పడతాయి. కొత్త పరీక్ష ఏదీ అక్కర్లేదు, ఉన్న కాగితాలే. ఇంకో సంగతి, ఒక ఊళ్ళో 40 మందికి జబ్బుందంటే, ఎంతమందికి పరీక్ష చేస్తే 40 అని అడగాలి. ఎక్కువ మందికి చేసిన ఊళ్ళో ఎక్కువ కనిపించడం సహజం.

మళ్ళీ మీ పాల దగ్గరికి. ఇళ్ళవారీగా విడదీసినప్పుడు ఒకటి రెండు ఇళ్ళలో పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ రీడింగు, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘనపదార్థం) నెల నెలకీ జారుతున్నట్టు కనిపించవచ్చు. వెంటనే "నీళ్ళు కలుపుతున్నారు" అని నోరు జారకండి. ఒకే ఊళ్ళో బతకాలి. పాలు వెచ్చగా ఉంటే లాక్టోమీటర్ కిందకి దిగుతుంది, చల్లబడ్డాక పైకి తేలుతుంది. ఆ ఇల్లు మీ కేంద్రానికి పక్కనే ఉండి, పితికిన వెంటనే తెస్తారేమో. ఈనిన కొత్తలో పాలు ఎక్కువ, ఫ్యాట్ తక్కువ. ఒట్టిపోయే ముందు పాలు తగ్గి ఫ్యాట్ పెరుగుతుంది. మేత మారి ఉండవచ్చు. నేనైతే ఆ ఇంటి గీతని, మిగతా 17 ఇళ్ళ గీతతో కలిపి చూస్తాను. అందరివీ జారితే ఎండో, మేతో, లేదా మీ లాక్టోమీటరో. అందరూ నిలకడగా ఉండి ఒక్క ఇల్లే జారితే, అప్పుడు వెళ్ళి గేదెని చూసి, మాటల్లో కనుక్కోండి. పట్టిక ఎక్కడ చూడాలో చెప్తుంది, ఏం జరిగిందో మాత్రం మనిషిని అడగాల్సిందే.

డెయిరీ విషయంలోనూ అంతే. మీ లెక్కకీ చీటీకీ తేడా అన్ని రోజులూ ఒకేలా, మూడు శాతం దగ్గర ఉంటే అది కొలతలది, అంటే లీటరు-కేజీ, నురుగు. తేడా కొన్ని రోజులే వచ్చి, ఆ రోజులన్నీ ఒకే బండి వచ్చినవో, క్యాను ఆలస్యంగా ఎక్కినవో అయితే అది వేరే కథ. తేడా ఫ్యాట్‌లోనే ఉండి లీటర్లలో లేకపోతే క్యానుని కలియబెట్టకుండా పైనుంచి శాంపిలు తీశారేమో చూడాలి. వెన్న పైకి తేలుతుంది కాబట్టి ఎక్కడ ముంచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అందుకే చీటీల షీటులో బండి వచ్చిన వేళ రాసే గడి ఒకటి పెట్టండి. ఇప్పటిదాకా రాసి ఉండకపోతే రేపటి నుంచి రాయించండి.

ఇంతా చెప్పాక మీరు 13 వేల వరుసలూ ఒకేసారి పట్టుకుంటారని భయం. వద్దు. గడిచిన నెల ఒక్కటి తీసుకోండి. 30 రోజులు, రెండు పూటలు, అంటే 60 చీటీలు. ఒక షీటులో 60 వరుసలు: తేదీ, పూట, మన లీటర్లు, మన లెక్కలో ఫ్యాట్, చీటీలో పాలు, చీటీలో ఫ్యాట్, తేడా, బండి వచ్చిన వేళ, గమనిక. ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రం పాల వేళకి అయిపోతుంది. చీటీలు చదివేటప్పుడు అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ రోజు క్యాను ఒలికిందో, ఏ రోజు కరెంటు పోయి మిషను పనిచెయ్యలేదో ఆవిడకి నోటికి వచ్చు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

అన్నిటికంటే ముందు, ఏదో ఒక చీటీ తీసి వెలుతురులో పట్టుకుని, పాల అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. లీటర్లా, కేజీలా? అది చెప్పండి, మిగతాది దాన్ని బట్టి మాట్లాడదాం. ఒక పేజీ ఫొటో కూడా పెడితే మంచిది, పేర్ల మీద కాగితం అడ్డుపెట్టి తీయండి.